మేనమామ సంతకం

నాలుక్కి రమ్మంటే మూడుకే వచ్చి కూచున్నాను, అదీ నా బుద్ధి, లిలువా రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు సైరనుకి ముందే గేటు దగ్గర నిలబడ్డ మనిషిని, రిటైరై ఏడాదిన్నర అయినా ఒంట్లోంచి ఆ సైరను పోలేదు, ఇప్పుడు ఈ తరుణ్ దిగంత ఫుట్‌బాల్ క్లబ్బు టెంటు బయట చెక్క బెంచీ మీద గంటసేపు నాతో నేనే వేగాలి. టెంటు అన్నది పేరుకే, రేకుల కప్పూ, ఆకుపచ్చ రంగేసిన చెక్క గోడలూ, లోపల ఫేన్లూ, పాత టీముల ఫొటోలూ, మైదానంలో క్లబ్బులన్నిటికీ ఇలాటివే ఉంటాయి, వందేళ్ళయినా టెంటనే అంటారు. వాన సన్నంగా పడుతోంది. హౌరా నుంచి గంగ కిందుగా మెట్రోలో వచ్చేను, ఎస్ప్లనేడ్‌లో దిగి ఇంత దూరం నడిచేను, గొడుగు ఉన్నా మోకాళ్ళ దాకా తడిసేను. జేబులో రెండు కాయితాలున్నాయి, అవి తడవలేదు, పాల ప్యాకెట్టు కవరొకటి కడిగి ఆరబెట్టి తవిటమ్మ వాటికి తొడిగి ఇచ్చింది, మాట్లాడకుండా ఇచ్చింది, మా ఆవిడ నాతో మాటాడి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. అన్నం పెడతాది, చొక్కా ఇస్త్రీ చేస్తాది, కవరు కూడా తొడుగుతాది, నోరు మాత్రం తెరవదు. అరిచినా బాగుణ్ణు, అరిస్తే నేనూ నాలుగు అరిచి ఊరుకుందును.

రెండు కాయితాలూ క్లబ్బు సెక్రెటరీ నిర్మాల్య బాబు పంపినవే. ఒకే రోజు, ఒకే పోస్ట్‌మేను, రెండు కవర్లూ ఒకే గుమ్మంలో పడేసి వెళ్ళేడు, రెండిటి మీదా బైరాగి అనే ఉంది. ఒకటి ఆటగాడు సంజయ్ సంరక్షకుడు, మేనమామ, బైరాగి గారికి. ఇంకోటి ఫిర్యాదు చేసిన అమ్మాయి సువర్ణ తండ్రి, బైరాగి గారికి. మొదటి దాంట్లో, మా కుర్రాడు ఇక మీదట ఇలాటి పని చెయ్యడు, దానికి నాదీ పూచీ అని రాసి ఉంది, కింద సంతకానికి గీత. రెండో దాంట్లో, అబ్బాయిని మళ్ళీ ఆడించడానికి అమ్మాయి ఇంటివాళ్ళుగా మాకు అభ్యంతరం లేదు అని, కింద ఇంకో గీత. రెండు గీతల మీదా సంతకాలు పడితే, పెళ్ళాన్ని కొట్టి బెయిలు మీద ఉన్న మా వాడి సస్పెన్షను ఇవాళే ఎత్తేస్తారు, కోర్టు సంగతి కోర్టుది, ఆదివారం మేచ్‌లో ఎడమ వైపు వాడే పరిగెడతాడు. పడకపోతే సీజనంతా బయటే, కంట్రాక్టు ఉంటాదో ఊడతాదో కమిటీ ఇష్టం. పాపం నిర్మాల్య బాబుకి తెలీదు, ఇద్దరు బైరాగులు లేరని. ఈ బెంగాలీల దేశంలో బైరాగి అంటే ఇంటిపేరు, ఇరు పక్కలా అదే ఇంటిపేరు, ఒకే ఇంట్లో చెరో వాటా కామోసు అనుకున్నాడు. అబ్బాయి మేనమామా అమ్మాయి తండ్రీ ఒక్క మనిషేనని బెంగాలీ బుర్రకి ఎలా తడతాది, వాళ్ళకి మేనమామ కూతురంటే చెల్లెలు, చెల్లెల్ని చేసుకున్నాడంటే చెవులు మూసుకుంటారు.

మా సంజయ్‌కి ఆ సంగతి బాగా తెలుసు, అందుకే దాచేడు. పదిహేడేళ్ళప్పుడు ఈ క్లబ్బులో చేరేడు, తండ్రి లేడు కాబట్టి సంరక్షకుడి గడిలో నేనే సంతకం పెట్టేను, పక్కన మేనమామ అని రాసేరు, ఆ కాయితం తొమ్మిదేళ్ళుగా ఫైల్లోనే ఉంది. పెళ్ళికి టీమంతా లిలువా వచ్చేరు, ఇరవై మంది బెంగాలీ కుర్రాళ్ళు, ఇద్దరు నైజీరియా వాళ్ళు, రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలంతా వాళ్ళే, కోడికూర కారంగా ఉందని కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే మూడేసి సార్లు వడ్డించుకున్నారు. ఆ సందట్లో వాడు నన్ను గోడవారకి లాగి, మావా, ఇవాళ ఒక్కరోజు వీళ్ళ ముందు నువ్వు పెళ్ళికూతురి తండ్రివే, మేనమామవని చెప్పకు, పరువు పోతాది అన్నాడు, చెవిలో చెప్తూ నవ్వుతున్నాడు, నుదుట బాసికం ఓ పక్కకి జారిపోయింది. నేనూ నవ్వీసేను. సర్లేరా, ఇవాళ నీకు మావ లేడు అన్నాను. జారిన బాసికం సరిచేసి కట్టింది మళ్ళీ నేనే. ఆ పూట సువర్ణ తండ్రిగా కూచున్నది నిండా మూడు గంటలు కూడా ఉండదు, టీము బస్సెక్కి వెళ్ళిపోగానే మళ్ళీ మావనైపోయేను, వాడి బట్టలు మడతపెట్టి పెట్టెలో సర్దేను.

మైదానంలో కుర్రాళ్ళు వానలోనే ప్రాక్టీసు చేస్తున్నారు, కంచె సందులోంచి కనిపిస్తోంది, ఎడమ వైపు కొత్తవాణ్ణి పెట్టేరు, కాళ్ళు బాగానే ఉన్నాయి గానీ తల ఎత్తడు, బంతినే చూసుకుని పరిగెడతాడు. సంజయ్ అలా కాదు. వాడు ఏడేళ్ళప్పుడే తలెత్తి ఆడేవాడు, ఎవరు నేర్పేరని వర్క్‌షాపు గ్రౌండులో అందరూ అడిగేవారు, నేను నేర్పేనని కోతలు కోసేవాణ్ణి, నిజానికి నేను గోల్‌కీపర్ని, నాకు తెలిసింది నిలబడ్డమే. మా బావ సంత్రాగాఛి యార్డులో గేంగ్‌మేను, పొగమంచులో ఇంజను వెనక్కి వస్తుంటే చూసుకోలేదు, అప్పటికి వీడికి నాలుగేళ్ళు. మా అప్పకి, అంటే వాడి తల్లికి, ఆ ఉద్యోగం బదులు రైలు డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూములో పనిచ్చేరు, క్వార్టరు ఇచ్చేరు, వీడు శుక్రవారం సాయంత్రమైతే నా దగ్గరికి వచ్చీసేవాడు. పుట్టు జుట్టు తీయించింది నా ఒళ్ళో, చెవులు కుట్టించింది నా ఒళ్ళో, చెవులు కుట్టినప్పుడు నా బొటనవేలు కొరికీసేడు వెధవ, ఆ మచ్చ ఇంకా ఉంది. సైకిలు ముందు కమ్మీ మీద కూచోబెట్టుకుని గ్రౌండుకి తీసుకెళ్ళేవాణ్ణి, దారంతా ప్రశ్నలే, మావా బంతిలో గాలెందుకు, మావా రిఫరీకి ఆకలెయ్యదా, మావా నాన్న చూస్తాడేటి పైనుంచి. చూస్తాడురా అనేవాణ్ణి. కన్న కొడుకు లేడని నాకెప్పుడూ అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు, ఇది అబద్ధమాడి లాభం లేదు, వాడంటే నాకు ప్రాణం.

సువర్ణ వాడికన్నా రెండేళ్ళు చిన్న. మా క్వార్టర్ల లైన్లలో ఆడపిల్లలు గట్టు మీద కూచుని చూసేవారు, ఇది ఊరుకోదు, నా పాత విజిలు మెడలో వేసుకుని గీత పక్కన నిలబడేది. ఫౌలంటే ఫౌలే. పెద్ద కుర్రాళ్ళు కొట్లాటకొస్తే వాళ్ళ గెడ్డాల దాకా కూడా రాదు, అయినా విజిలు ఊదుతూనే ఉండేది, బుగ్గలు ఎర్రగా అయిపోయేవి. సంజయ్‌ని అయితే మరీ, వాడు కాలు అడ్డం పెట్టడం ఆలస్యం, పరిగెత్తుకొచ్చి వేలు చూపించి బయటికి పొమ్మనేది, వీడు తలొంచుకుని పోయేవాడు, అందరి మీదా ఎగిరేవాడు దాని మాట మాత్రం వినేవాడు. ఇద్దర్నీ చూసి మా అప్ప మురిసిపోయేది. నీ కూతురు నా ఇంటికి రావాల్సిందే తమ్ముడా అనేది, దానికి పదేళ్ళు నిండకుండానే అనేది. మేనరికం అంటే మాకు గొప్ప. పిల్ల పరాయి ఇంటికి వెళ్ళదు కదా, మేనత్త ఒళ్ళోకే కదా వెళ్తాది, ముక్కూ మొహం తెలీని అత్త కాదు కదా. తవిటమ్మ మాత్రం ఒకసారి నసిగింది, దూరం సంబంధం చూద్దాం, మా సూరన్న ఇచ్చాపురంలో ఎవర్నో చెప్తున్నాడు అంది. నేను గయ్యిమన్నాను. పిల్లని అడిగితే అది సిగ్గుపడి నవ్వింది, దానికి వాడంటే ఇష్టమే, అందులో అనుమానం లేదు, అది ఇప్పటికీ నాకు గుండెలో కలుక్కుమంటాది.

పెళ్ళయ్యాక న్యూ టౌన్‌లో ఫ్లాటు, పదకొండో అంతస్తు, దీనికి అక్కడే లేబొరేటరీలో ఉద్యోగం, రక్తం తీసే పని. అప్పా వచ్చి వాళ్ళతోనే ఉంది. వెళ్ళినప్పుడల్లా సువర్ణ నన్ను బాల్కనీలో కూచోబెట్టి అదిగో నాన్నా మెట్రో స్తంభాలు, అదిగో అక్కడ చెరువుండేదంట అని చూపించేది. బాగుండేవారు. బాగుండేవారనే అనుకున్నాను. పోయినేడు దుర్గా పూజలకి ముందు ఒక గురువారం పొద్దున్న పది గంటలకి చిన్న బ్యాగు పట్టుకుని లిలువా వచ్చీసింది, డ్యూటీ లేదా అంటే లేదంది, తవిటమ్మ బజారుకెళ్ళింది, ఇంట్లో నేనొక్కణ్ణే. కుర్తా చెయ్యి కిందికి లాక్కుంటూ కూచుంది. ఏటది అని నేనే చెయ్యి పైకి తీసేను, మోచేతి పైన నాలుగు వేళ్ళూ నల్లగా తేలి ఉన్నాయి. అప్పుడు నేను అడిగిన మొదటి మాట ఏటో తెలుసా. ఏటన్నావు వాణ్ణి. అదీ అడిగేను. కన్నకూతురి చెయ్యి నా చేతిలో పెట్టుకుని, ఆ వేళ్ళ గుర్తులు చూస్తూ, ఏటన్నావు వాణ్ణి అన్నాను. అది చెయ్యి వెనక్కి తీసుకుంది. "నేనేటన్నానో తర్వాత చెప్తాను నాన్నా. ముందు నన్ను రెండ్రోజులు ఇక్కడ పడుకోనీ." అంతే అంది. అన్నం తింది, మధ్యాహ్నం చాప మీద పడుకుని నిద్రపోయింది, నోరు కొంచెం తెరిచి, చిన్నప్పుడు పడుకున్నట్టే.

అది నిద్రలో ఉండగానే అప్ప ఫోను చేసింది, ఏడుస్తూ, కుర్రాడు తిండి తినలేదు, తప్పయిపోయింది అంటున్నాడు, శనివారం మేచ్ ఉంది, ఎలా ఆడతాడు అంది. వాడూ ఫోనులోకి వచ్చేడు, మావా అన్నాడు, ఆ తర్వాత వెక్కిళ్ళే. నా గుండె కరిగిపోయింది. సాయంత్రానికి దాన్ని లేపి టీ ఇచ్చి, పద తల్లీ, మీ అత్త ఎదురు చూస్తోంది, పరాయి ఇల్లా ఏటి అని బ్యాగు నేనే పట్టుకుని బస్సెక్కించేను. తవిటమ్మ గుమ్మంలో నిలబడి ఒకసారి వద్దంది, ఒక్క పూట ఉండనీ అంది, నేను వినిపించుకోలేదు. దారిలో సువర్ణ కిటికీలోంచి పూజ పందిళ్ళకి వెదురు కడుతుంటే చూస్తూ కూచుంది. ఫ్లాటులో వాడు దాని కాళ్ళు పట్టుకున్నాడు, అప్ప దాన్ని ఒళ్ళోకి లాక్కుంది, నేను వాడి వీపు మీద ఒకటిచ్చేను, మేనమామని కదా, ఆ హక్కు నాదే కదా, అందరం ఏడ్చేం, అందరం నవ్వేం, అప్ప పాయసం చేసింది. నేను రెండు కప్పులు తాగి వచ్చేను. ఇప్పుడు తల్చుకుంటే ఆ పాయసం గొంతులోకి వస్తాది.

పరాయోడు కొట్టుంటే నేను ఆ పని చేద్దునా. ఇచ్చాపురం వాడెవడో నా కూతురి మీద చెయ్యేసి ఉంటే, వర్క్‌షాపులోంచి నలుగురు ఫిట్టర్లని వెంటేసుకుని రైలెక్కి ఉందును, వాడి గుమ్మం ముందు నిలబడి ఊరందరికీ వినిపించేలా తిట్టి పిల్లని తీసుకొచ్చి ఉందును. ఇక్కడ ఎవర్ని తిట్టను. అత్తగారు నా తోడబుట్టింది. మొగుడు నా చేతుల మీద పెరిగేడు. పోనీ తండ్రి దగ్గరికి వద్దామంటే ఆ తండ్రి కాస్తా వాడి మావ. ఆ పిల్ల ఎటు తిరిగినా అదే ఇల్లు, అదే మొహాలు, పుట్టిల్లన్నది దానికి లేకుండా చేసీసేం, గొప్పగా చేసీసేం, మేళంతో చేసీసేం. ఇరవై మూడు రోజుల కిందట, మాటలు ఆపీసే ముందు తవిటమ్మ అడిగింది అదే. "మీ అప్పకి తమ్ముడివి, వాడికి మావవి. మరి దానికేటవుతావు?" నేను కోపంతో నీళ్ళ చెంబు విసిరీసేను, గోడకి తగిలి సొట్టపోయింది.

ఆ రోజే వాడు సువర్ణని రెండోసారి కొట్టేడు, ఆ కబురు విన్నాకే తవిటమ్మ అలా అడిగింది. ఎందుకు కొట్టేడని ఎవరైనా అడిగితే నాకు తెలీదు, ఈసారి నేను అడగలేదు, అంత మాత్రం బుద్ధి వచ్చింది. చెంప మీద కొట్టేడంట, చెవిలో పొర చిరిగిపోయింది. అది లిలువా రాలేదు. అదే నాకు అన్నిటికన్నా బాధ, తల్లీతండ్రీ బతికుండగా అది లిలువా రాలేదు, దాంతో పనిచేసే మేరీరాణి అనే పిల్లతో కలిసి ఆసుపత్రికి వెళ్ళింది, అక్కణ్ణుంచి పోలీస్ స్టేషనుకి వెళ్ళి తనే రాసి ఇచ్చింది, ఆ పిల్ల ఇంట్లోనే ఉంటోంది, సంత్రాగాఛి క్వార్టర్లలో. మర్నాడు పేపర్లో వాడి ఫొటో వేసేరు, జెర్సీ వేసుకున్న ఫొటో. నేను చూడ్డానికి వెళ్ళేను. మేరీరాణి టీ పెట్టింది. సువర్ణని పలకరించేను, వినిపించుకోలేదు, కోపం కామోసు అనుకున్నాను, రెండోసారి పిలిస్తే మెడ తిప్పి కుడిచెవి నా వైపు పెట్టి ఏటి నాన్నా అంది. కోపం కాదు. వినపడలేదు. ఇంటికొచ్చీ తల్లీ అన్నాను. నువ్వు మళ్ళీ తీసుకెళ్ళి దింపీస్తావు నాన్నా అంది, నెమ్మదిగానే అంది, ఎగతాళి లేదు, బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది.

కేంటీన్ ముసలాయన మట్టి కప్పులో టీ తెచ్చి ఇచ్చేడు, సంజయ్ మావగదా మీరు అన్నాడు, అవునన్నాను, అలవాటుగా అనీసేను. వీళ్ళందరికీ వాడంటే ఇష్టం, పనివాళ్ళతో నవ్వుతూ మాటాడతాడు, గ్రౌండు చూసే మాలీ కూతురి పెళ్ళికి టీమందర్నీ లాక్కెళ్ళేడు, అలాటి కుర్రాడు అని ముసలాయన తల ఊపేడు. నిజమే. అలాటి కుర్రాడే. కొట్టేవాడంటే కొమ్ములుంటాయనుకుంటాం, మా వాడికి లేవు, మా వాడు నిద్రలో ఇప్పటికీ నవ్వుతాడు. ఎక్కడ నేర్చుకున్నాడు ఇది అని ఇరవై మూడు రోజులుగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను, తెలిసీ కొట్టుకుంటున్నాను. వాడికి ఎనిమిదేళ్ళప్పుడు ఒక ఆదివారం, కూర మాడిందనో ఏదో, తవిటమ్మ చెంప మీద ఒకటిచ్చేను. వాడు గుమ్మంలో కూచుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు, నేను నేర్పినట్టే కడుతున్నాడు, తలెత్తి చూసేడు. నేను పద పద ఆలస్యమైపోతోంది అని సైకిలు తీసేను. ఆ రోజు దారిలో వాడు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తర్వాత మరెప్పుడూ కొట్టలేదు నేను, చెంబులూ కంచాలూ విసిరేనంతే, అది లెక్కలోకి రాదనుకున్నాను.

వచ్చేడు. గేటు దగ్గర బైకు ఆపి రెయిన్‌కోటు విప్పుతూనే నన్ను చూసేడు, మొహమంతా వెలిగిపోయింది వాడికి, అలా వెలిగితే నాకు ఎముకలు మెత్తబడిపోతాయి. గడ్డం పెరిగింది, చిక్కేడు. వచ్చి కాళ్ళకి దండం పెట్టేడు, పక్కన కూచున్నాడు, నా కళ్ళజోడు తీసి తన చొక్కా కొసతో తుడిచి మళ్ళీ పెట్టేడు, వాన నీళ్ళతో ఎలా చూస్తున్నావు మావా అన్నాడు. తిన్నావా అన్నాడు. వద్దంటున్నా లోపలికెళ్ళి రెండు టోస్టులు తెచ్చేడు, మిరియాల పొడి ఎక్కువ వేయించి తెచ్చేడు, నాకలాగే ఇష్టమని వాడికి తెలుసు. నేను తిన్నాను. ఆకలేసి కాదు, వాడు తెచ్చేడని తిన్నాను. కొత్తవాడు ఎలా ఆడుతున్నాడని అడిగేడు, తల ఎత్తడం లేదని చెప్పేను, వాడు నవ్వేడు, నేర్పుతాన్లే అన్నాడు. అమ్మ పొద్దున్నే గుడికెళ్ళింది అన్నాడు. అప్ప నాకూ ఫోను చేసింది పొద్దున్న, గుడి మెట్ల మీంచే చేసింది. "రెండు సంతకాలూ నీ చేతిలోనే పెట్టేడు దేవుడు. పెట్టీసి రా తమ్ముడా, ఎవరడగొచ్చేరు." నా అప్ప. నన్ను చంకనెత్తుకుని తిప్పిన మనిషి. మొగుడు పోయిన రోజున కూడా నేను తిన్నానా లేదా అని అడిగింది. ఆవిడ ఏడుపు నేను చూళ్ళేను, ఇవాళ రాత్రికి ఆ ఏడుపు వినాలి.

వాడు బూటు చివరతో బురద గీకుతూ, సువర్ణ వస్తాదేటి అన్నాడు. వస్తాదనే అన్నారు అన్నాను. నేను మారతాను మావా అన్నాడు. నమ్మేను. ఇప్పుడూ నమ్ముతున్నాను, పోయినేడు పాయసం తాగుతూ నమ్మినట్టే. తర్వాత వాడు నా చెయ్యి పట్టుకున్నాడు, పెద్ద చెయ్యి, నా చెయ్యి దాంట్లో కనబడకుండా పోయింది. "కమిటీ అన్నా కోర్టన్నా నాకు భయం లేదు మావా. నువ్వున్నావు కదా." ప్రేమగానే అన్నాడు. అందులో ఎత్తు లేదు, మోసం లేదు, నాలుగేళ్ళప్పుడు సైకిలు మీంచి పడిపోబోతూ నా చొక్కా పట్టుకున్నప్పుడు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. వాడికి భయం లేదు. చెయ్యి ఎత్తినప్పుడు లేదు, రెండోసారి ఎత్తినప్పుడు లేదు, నేనున్నాను కదా. ఇరవై రెండేళ్ళు ఆ భయం వాడి దగ్గరికి రాకుండా గోలులో కీపర్లా నిలబడ్డాను, ఒక్కటి కూడా లోపలికి పోనివ్వలేదు. అయ్యో నా తండ్రీ, నీకు మంచి చేస్తున్నాననే అనుకున్నాను.

నాలుగు కొట్టేరు. లోపలికి రమ్మని పిలిచేరు, వాడు ముందు వెళ్ళేడు, నేను గొడుగు ముడిచి మూల పెట్టి, కవరులోంచి కాయితాలు తీసి వెనకాల వెళ్ళేను. పొడుగు బల్ల, అవతల నిర్మాల్య బాబూ, ఇంకో పెద్దాయనా, నోటుబుక్కు ముందు పెట్టుకున్న ఒకావిడా. ఇవతల కుడిపక్క రెండు కుర్చీలు, ఎడంపక్క రెండు కుర్చీలు. సంజయ్ కుడిపక్క కూచుని రెండో కుర్చీ నా కోసం వెనక్కి లాగి, సీటు మీద నీటి చుక్కలుంటే చేత్తో తుడిచేడు. సువర్ణ అవతలి తలుపులోంచి వచ్చిందేమో, అప్పటికే ఎడంపక్క కూచుని ఉంది. లేబొరేటరీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, జుట్టు బిగించి కట్టుకుంది. పక్క కుర్చీలో దాని బ్యాగు పెట్టుకుంది. ఎవరో వచ్చి అక్కడ కూచుంటారని అది అనుకోలేదు. నన్ను చూసింది, నేను ఎటు వెళ్తానో తెలిసినట్టే మళ్ళీ బల్లకేసి చూసుకుంది, దానికి కోపం కూడా లేదు. నా కాళ్ళు వాడి పక్కకే రెండడుగులు వేసేయి, వాటి తప్పు లేదు, వాటికి ఆ దారే తెలుసు. వాడు మావా అన్నాడు, మెల్లగా, ఇటు అన్నట్టు. నేను ఆగేను. వెనక్కి తిరిగి ఎడంపక్కకి వెళ్ళి, ఆ బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుని, నా కూతురి పక్కన కూచున్నాను.

నిర్మాల్య బాబు కళ్ళజోడు పైకి తోసుకుని తన ముందున్న జాబితా చూసేడు. మీరు అబ్బాయి మేనమామ కదూ, ఇప్పుడే బయట ఎవరో చెప్పేరు అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. నాకు బెంగాలీ బాగానే వచ్చు, పుట్టింది ఇక్కడే, అయినా ఆ మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది.

"అబ్బాయి మేనమామ రాలేదు దాదా. ఆయన రాడు. ఆయన సంతకం మీకు దొరకదు."

మొదటి కాయితం, పూచీ కాయితం, ఖాళీగానే వాళ్ళ ముందు పెట్టీసేను. సంజయ్ వైపు చూడకూడదనుకున్నాను గానీ చూసేను. వాడి మొహంలో కోపం లేదు. పెదాలు కొంచెం విడి ఉన్నాయి, చెయ్యి ఇంకా ఆ ఖాళీ కుర్చీ మీదే ఉంది, మొట్టమొదటిసారి వాడు భయపడ్డం చూసేను, పరిగెత్తి వెళ్ళి ఎత్తుకుందామనిపించింది, ఇరవయ్యారేళ్ళ మొగాణ్ణి. కూచున్నాను. నోటుబుక్కు ఆవిడ, మరి మీరెవరు, అమ్మాయి తరఫున అభ్యంతరం ఏమైనా ఉందా అని అడిగింది. బ్యాగు ఒళ్ళో ఉంది కాబట్టి నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసింది.

"నేను అమ్మాయి తండ్రిని. అభ్యంతరం ఉంది. రాసుకోండమ్మా. మొదటిసారి కొట్టింది పోయినేడు పూజలకి ముందు, ఒక గురువారం. నా ఇంటికొచ్చింది. రెండ్రోజులు పడుకోనీ అంది. సాయంత్రానికి నేనే తీసుకెళ్ళి దింపీసేను. అక్కణ్ణుంచి రాయండి."